పిరికి గిటారు మత్స్యరాజుగారు

మత్స్యరాజుగారు ఒకసారి అనకాపల్లి బస్సెక్కారట. ముందు సీటు దగ్గర కట్టేసిన మేక తనవైపే చూస్తోందని భయపడి, తాళ్ళపాలెంలో దిగిపోయి, గిటారు నెత్తిన పెట్టుకుని నడిచి నర్సీపట్నం వచ్చేశారట. ఈ కథ మా చిన్నాన్న సింగన్న చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ మేక పెరిగేది. మొదట్లో అది మేకపిల్ల. నేను పెద్దదాన్నయ్యేసరికి దానికి గడ్డం, కొమ్ములు కూడా వచ్చేశాయి.

"మద్రాసులో రికార్డులు తీసిన మడిసికి మేడలుండాల. ఎందుకు లేవు? బయ్యం! సముద్రాన్ని సూసి బయ్యపడి వొచ్చీసినాడు. ఇశాపట్నం జిల్లా మొత్తం మీద అంత పిరికోడు లేడు" అని చిన్నాన్న తీర్మానం.

ఊరు కాదనలేదు. డెబ్బైల్లో మత్స్యరాజుగారు తీసిన మూడు లాంగ్‌ప్లే రికార్డుల నిండా భయాలే. బల్లంటే భయం, సూదంటే భయం, లంబసింగి ఘాట్‌లో బస్సు మలుపంటే భయం, అత్తగారి దగ్గంటే భయం. అన్నిట్లోనూ "నాకు భయం" అనే పాడారు. అందుకే పిరికి గిటారు అని పేరొచ్చింది. గిటారుకి కరెంటు పెట్టి, పక్కన జముకుల కథలకి జముకు వాయించే సూరన్నని కూర్చోబెట్టి ఆయన పాట ఎత్తుకుంటే ఆ వీధిలో బళ్ళు ఆగిపోయేవి. జముకు కోసం ముసలాళ్ళు, గిటారు కోసం కుర్రాళ్ళు, రెండూ కలిసిన చప్పుడు కోసం పోలీసులు వచ్చేవారు.

ఆయనకి ఒకే ఒక్క వింత అలవాటు. ఎవరు ఎదురైనా "బాగున్నావా" అనరు. "నీకు దేనికి బయ్యం?" అంటారు. పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకుని అడిగారు. పెళ్ళికొడుకు పాపం పెళ్ళికూతురి వైపు చూశాడు. పెద్దవాళ్ళు మత్స్యరాజుగారిని బేగి భోజనాల దగ్గరికి నడిపించేశారు. కొత్తగా వచ్చిన ఎస్సై జీపు దిగుతుంటే ఆయన్నీ అడిగారు. "నాకా? భయమా?" అని ఎస్సై మీసం దువ్వాడు. కొన్నాళ్ళకి అదే ఎస్సై మామూలు బట్టలేసుకుని, సైకిలు మీద, అటూ ఇటూ చూసుకుంటూ మత్స్యరాజుగారి ఇంటివైపు వెళ్ళడం నేను చూశాను. మాట్లాడని దాన్ని కాబట్టి నాకు చూడటానికి తీరిక ఎక్కువ.

నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాను. మానేశాను అనడం కన్నా బడే నన్ను మానేసింది అనాలి. యాజులు మాస్టారు తలెత్తకుండా పేర్లు పిలిచేవారు. ఆయన గొంతు వింటేనే కిటికీ మీద పిచ్చికలు లేచిపోయేవి. నా పేరు వచ్చేసరికి నా నోరెండిపోయేది. గాలి పైకొచ్చేది, మాట వచ్చేది కాదు. వెనక బెంచీ పిల్ల జడ పట్టి లాగినా వచ్చేది కాదు. అలా నేను బెంచీ మీద కూర్చుని ఉండగానే రోజూ నాకు ఆబ్సెంటు పడింది. హాజరు చాలదని పేరు కొట్టేశారు.

"బడికని బయల్దేరి ఏ ఊరు తిరిగినావే?" అని నాన్న అడిగాడు. నేను చెప్పలేదు. చెప్పగలిగితే బడిలోనే చెప్పేదాన్ని కదా.

చిన్నాన్నకి మైకుసెట్ల కొట్టు ఉంది, సింగన్న సౌండ్ సర్వీస్. నన్ను అక్కడ కూర్చోబెట్టారు. ఒకరోజు మత్స్యరాజుగారు గిటారు వైరు అతికించుకోడానికి వచ్చారు. చిన్నాన్న లేడు.

"నీకు దేనికి బయ్యమమ్మా?"

నేను నేల చూశాను.

"పోన్లే. నా ఏపు సూడకు. అదిగో, ఆ స్పీకరు పెట్టికి సెప్పు. నాను తీగలు సరిజేసుకుంతాను" అని ఆయన అటు తిరిగి కూర్చున్నారు. ఒక్కో తీగనీ బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగిస్తూ ఎంతసేపైనా ఇటు తిరగలేదు. నేను స్పీకరు పెట్టికి చెప్పేశాను.

ఆయన మూడో రికార్డు వచ్చింది. అందులో ఒక పాట:

"పేరు పిలిసినారు, నోరు ఎండినాది,
జడ పట్టి లాగినా మాట రాకున్నాది,
ఉన్నాను ఉన్నాను, సెప్పలేను తల్లీ!"

ఊరు విరగబడి నవ్వింది. నన్ను చూసి కాదు, ఆయన్ని చూసి. "ఓలమ్మో, బళ్ళో పేరు పిలిసినా బయ్యమేనేటి ఈ మడిసికి!" అని చిన్నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను. ఆ భయాన్ని ఎదురుగా కూర్చోబెట్టి నవ్వడం నాకదే మొదలు. పాపం, ఈ ఒక్కటీ నాది, మిగతావన్నీ ఆయనవే కదా అని జాలిపడ్డాను కూడా.

ఎనభై నాలుగులో మద్రాసు నుంచి రమణబాబు అనే క్యాసెట్ కంపెనీ మనిషి సూట్‌కేసుతో దిగాడు. మత్స్యరాజుగారి పాటలన్నీ క్యాసెట్లుగా వేస్తానన్నాడు. అప్పటికి రికార్డులు ఎక్కడివక్కడ అరిగిపోయాయి. కొన్ని ఇళ్ళల్లో పచ్చళ్ళ జాడీల మీద మూతలయ్యాయి. టేపులోకి ఎక్కకపోతే ఆ పాటలు ఇక లేనట్టే.

రమణబాబు మా కొట్లోనే కూర్చుని అన్నాడు. "రాజుగారూ, ఒక మనిషికి ఇన్ని భయాలుండవండీ. ఇవి ఊళ్ళో వాళ్ళవి. ఏ పాట ఎవరిదో చెప్పండి. అట్ట మీద పేరుతో, ఫోటోతో వేద్దాం. జనం ఎగబడి కొంటారు. పేర్లు లేకపోతే మాత్రం మా కంపెనీ ఒప్పుకోదు."

నా చేతిలో స్క్రూడ్రైవరు కింద పడింది. అట్ట మీద నా ఫోటో. పేరు పిలిస్తే పలకలేక చదువు పోగొట్టుకున్న పిల్ల, నర్సీపట్నం. నాన్న చూస్తాడు, యాజులు మాస్టారు చూస్తారు, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా చూస్తారు.

మత్స్యరాజుగారు గడ్డం గోక్కుని "ఆదివారం టౌను హాల్లో సెప్తాను" అన్నారు.

ఆ మాట ఊళ్ళో పాకింది. పాకినంత మేరా జనానికి ఆకలి పోయింది. ఎస్సైగారి జీపు ఆయన వీధిలో అటూ ఇటూ తిరిగింది, ఆగలేదు. శనివారం మధ్యాహ్నం నేను మామిడితాండ్ర పొట్లం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. ఎలాగైనా బతిమాలుకోవాలి, చెప్పుకోడానికి అక్కడా ఓ స్పీకరు పెట్టె ఉంటే బాగుండును అనుకుంటూ అరుగెక్కాను. అక్కడ యాజులు మాస్టారు పనసకాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పక్కన నర్సు బాలాంబగారు. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన చెయ్యి ఆవిడది.

"ఏం బాలాంబా, ఇలా వచ్చావు?" అన్నారు మాస్టారు.

"రాజుగారికి బీపీ చూద్దామని. మీరండీ?"

"పనసకాయ. మా చెట్టుది. ఊరికే."

"ఆయనకి పనస పడదు కదండీ."

"తినకపోతే చూస్తాడు! నీకెందుకు?"

అప్పుడే చూరులో బల్లి టిక్కుమంది. మాస్టారు పనసకాయతో సహా బల్ల మీదికి ఎక్కేశారు. పిచ్చికల్ని లేపిన ఆ మనిషి పంచె పైకి పట్టుకుని, కళ్ళు మూసుకుని వణుకుతున్నారు. కాసేపటికి కళ్ళు తెరిచి "పామనుకున్నాను" అన్నారు. బాలాంబగారూ నేనూ నేల చూశాం. గోడెక్కిన దొరా, తోకూపకురా అనే బల్లిపాట నా చెవిలో దానంతటదే మోగింది.

మత్స్యరాజుగారు బయటికొచ్చారు. మా ముగ్గురినీ, పనసకాయనీ చూశారు.

"అందరికీ బీపీ పెరిగినట్టుందే!"

"రాజూ, రేపు నువ్వు..." అని మాస్టారు మొదలెట్టి, పనసకాయ ముందుకు చాపారు.

"పాటలు బతకాల కదండి మాస్టారూ" అన్నారు ఆయన, నవ్వకుండా. "పనసకాయ ఉంచండి. రేపు రండి."

ఆయన ఏం చేయబోతున్నారో ఎవరికీ తెలియలేదు. ఇంటికి వెళ్ళే దారిలో మేం ముగ్గురం మూడు వేర్వేరు సందుల్లోంచి వెళ్ళాం.

ఆదివారం హాలు కిక్కిరిసింది. పెళ్ళికి కూడా రాని వాళ్ళు వచ్చారు, రాకపోతే అనుమానిస్తారని. మైకు చిన్నాన్నది. రికార్డు ప్లేయరు దగ్గర నేను. రమణబాబు చెప్పిన పాట ముక్క నేను వినిపించాలి, మత్స్యరాజుగారు పేరు చెప్పాలి.

బల్లిపాట వేశాను. మూడో వరసలో యాజులు మాస్టారి చేతికర్ర టకటకా కొట్టుకుంటోంది.

"ఎవరిదండీ?"

"నాదే" అన్నారు మత్స్యరాజుగారు.

అత్తగారి దగ్గు పాట.

"మీకు పెళ్ళే కాలేదు!"

"మా మేనత్తండి. దగ్గితే పెంకులు లేసేవి."

రమణబాబు పళ్ళు కొరికి ఇంకో పాట చూపించాడు. కడుపులో కొండ కదిలింది, దిగే దారి ఏదమ్మా అనే పాట. పురుటి నొప్పుల భయం. గోడవారగా నిలబడ్డ బాలాంబగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

"ఇదీ మీదేనా?"

"నాదే."

"పురుటి నొప్పులు!"

"తలుసుకుంతేనే సెమట్లండి బాబూ."

హాలు ఘొల్లుమంది. ఆ నవ్వులోనే బాలాంబగారు ముందుకొచ్చి, "ఉంటుందండీ, మగాళ్ళకీ ఉంటుంది! నా సర్వీసులో చూశాను" అన్నారు. వైద్యశాఖ మాట కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ తరవాత నా పాట. ముల్లు దించబోయి జారవిడిచాను, రికార్డు మీద కర్రుమని గీత పడింది. హాలంతా నా వైపు తిరిగింది. పాట జడ దగ్గరికి వచ్చేసరికి రమణబాబు చెయ్యెత్తాడు.

"ఆగాగు. దొరికారు! జడ ఎవరిదండీ?"

మత్స్యరాజుగారు నెత్తి తడుముకున్నారు. ఆ కాసేపట్లో నేను చదవాల్సిన చదువంతా కళ్ళముందు తిరిగింది.

"నాదే. సింహాచలం మొక్కు. తొమ్మిదో క్లాసు దాకా తీర్చలేదు."

"తొమ్మిదో క్లాసు కుర్రాడికి జడా?"

"మరి అందుకేనండి, పేరు పిలిస్తే బయ్యం!"

కుర్చీలు ఊగిపోయేట్టు నవ్వారు. అందరికంటే గట్టిగా చిన్నాన్న నవ్వాడు, ఆ నవ్వు మైకులోకి పోయి బజారంతా వినిపించింది. యాజులు మాస్టారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని నన్నే చూశారు. తరవాత లేచి నిలబడి, "ఆ జడ నాకు జ్ఞాపకం. రిబ్బను కూడా ఉండేది" అన్నారు. అన్నాక మెల్లగా కూర్చున్నారు.

రమణబాబు మైకు దగ్గరికి వచ్చాడు. నిజంగానే బాధపడుతున్నాడు. "రాజుగారూ, ఒక్క పేరు. ఒక్కటంటే ఒక్కటి చెప్పండి. రాష్ట్రమంతా మీ పాట వినిపిస్తాను. లేకపోతే ఇవి అరిగిపోతాయి. మీరంటూ ఒకరున్నారని కూడా ఎవరికీ గుర్తుండదు."

మత్స్యరాజుగారు హాలు ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశారు.

"రాసుకోండి" అన్నారు. రమణబాబు పెన్ను తీశాడు. "మత్స్యరాజు. నర్సీపట్నం. అన్నిటికీ అదే."

రమణబాబు కాఫీ కూడా తాగకుండా యలమంచిలి స్టేషనుకి బండెక్కేశాడు. మర్నాడు మత్స్యరాజుగారు తన దగ్గరున్న మూడు రికార్డులూ గోనెసంచిలో తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మాలచ్చీ, అరిగిందాకా ఏస్కో" అన్నారు.

చిన్నాన్న అప్పుడే టేపు డెక్కు కొన్నాడు. మొదట యాజులు మాస్టారు ఖాళీ క్యాసెట్టుతో వచ్చారు. "రాజు పాటలు ఎక్కించమ్మా. ఆ బల్లిది రెండుసార్లు ఎక్కించు. పిల్లలు ముచ్చటపడుతున్నారు." మాస్టారికి పిల్లల్లేరు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ప్రైవేటుగా టెన్త్ కట్టవచ్చు. మా ఇంట్లో హాజరు పిలవను" అన్నారు, గోడతో చెప్తున్నట్టు.

తరవాత బాలాంబగారు. బదిలీ మీద వెళ్ళిపోయిన ఎస్సైగారు కానిస్టేబుల్ని పంపారు, చీకటి పాట కోసం. అందరూ ఒక్క పాట కోసమే వచ్చేవారు, బయటపడకుండా మిగతావీ ఎక్కించమనేవారు. అలా ఆ పాటలు రోలుగుంట చెరుకు బళ్ళ మీదికి, ఏటికొప్పాక బొమ్మల కొట్లలోకి వెళ్ళాయి. నా గీత కూడా వాటితోపాటే వెళ్ళింది. ఘాట్ మలుపు పాట ఎవరు అడుగుతారా అని చూశాను. లంబసింగి బస్సు నడిపే కొండన్న అడిగాడు. ఆ రోజు నుంచి నేను ఆ బస్సెక్కలేదు.

ఎవరూ అడగని పాట ఒక్కటి మిగిలింది. కరెంటు షాకు పాట. కరెంటు గిటారు పట్టుకునే మనిషి కదా, పోనీ ఇదైనా ఆయన సొంతం అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం చిన్నాన్న కొట్టు తలుపు సగం వేశాడు.

"మాలచ్చీ, ఆ కరెంటుది ఓపాలి ఎయ్యి. సౌండు తగ్గించు."

"దేనికి సిన్నాన్నా?"

"ఊరికేనే! రాగం బాగుంతాది. బేగి ఎయ్యి."

వేశాను. చిన్నాన్న రబ్బరు చెప్పులతో చెక్క మీద నిలబడి, డెక్కుకి రెండు బారల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని విన్నాడు. పాట అయిపోయేసరికి నవ్వుతున్నాడు. ఈ సౌండ్ సర్వీసులో ప్లగ్గులన్నీ ఇన్నేళ్ళూ నా చేతే ఎందుకు పెట్టించాడో అప్పుడు తెలిసింది.

మూడు రికార్డులు తీసిన మత్స్యరాజుగారు తన భయం మీద ఒక్క పాట కూడా రాయలేదు.