దీపం ముందు గుడ్డు

మా పెద్దమ్మ చీకటిని నమ్మింది. దేవుణ్ణి నమ్మినవాళ్లని చూశాను, మనుషుల్ని నమ్మి మునిగినవాళ్లనీ చూశాను గాని, చీకటిని అంతగా నమ్మిన మనిషిని ఇంకొకరిని చూడలేదు. ఆ నమ్మకం గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కోడిపిల్లల్ని పొదిగించే హేచరీలో ఆమె పని గుడ్లు చూడటం. ఆ గదికి కిటికీలు లేవు. చీకట్లో ఏ రంగైతేనేం అని గోడలకు ఉత్త తెల్లసున్నం కొట్టి వదిలేశారు. బల్ల మీద ఒక రేకు డబ్బా, దాని లోపల బల్బు, పైన గుడ్డు ఆనేంత రంధ్రం. గుడ్డును అక్కడ ఆనిస్తే పెంకు ఎర్రగా వెలుగుతుంది. లోపల ప్రాణం ఉంటే సన్నని నాళాలు సాలెగూడులా పరుచుకుని కనిపిస్తాయి. పిల్ల చచ్చిపోతే ఆ నాళాలు చెదిరిపోయి రక్తం ఒక చారగా మిగులుతుంది. ఆ గుడ్డును తీసి బకెట్లో వేయాలి. వదిలేస్తే కుళ్లి, పొదిగే యంత్రంలో పగిలి, పక్కవాటినీ చంపుతుంది.

గుడ్డు ఆనించీ ఆనించకముందే పెద్దమ్మకు తేలిపోయేది. హేచరీలో అందరూ ఆమెను డేగకన్ను అనేవారు. ఆ మాట చెవిన పడితే విననట్టే ఉండేది గాని, మెడ మాత్రం కాస్త నిక్కేది. నాది ఆమె పక్క బల్లే. రెండుసార్లు తిప్పి చూస్తేగాని నాకు తెలిసేది కాదు. "నీ కళ్లకి కాటుకెక్కువ, చూపు తక్కువ" అని వెక్కిరించేది.

ఆమెకు షుగరు వచ్చి చాలా కాలమైంది. గుర్తొచ్చిన రోజు మాత్ర వేసుకునేది. కళ్లు లాగుతున్నాయనడం మొదలుపెట్టాక, మాత్ర సంగతి వదిలేసి చీకటి సంగతి పట్టుకుంది. ఇంటికి రాగానే కిటికీకి దుప్పటి కట్టి, లైట్లార్పి, నల్లగుడ్డ మడతపెట్టి కళ్లకు బిగించుకుని పడుకునేది. పొద్దంతా చీకటి గది, ఆ తర్వాత చీకటి ఇల్లు. నేను గోడలు తడుముకుంటూ తిరిగేదాన్ని. కంచంలో ఏముందో నోట్లో పెట్టుకునేదాకా తెలిసేది కాదు.

"చీకట్లో కంటికి పనేముంటుందే? కుళాయి కట్టేసినట్టు. ఎంత కట్టేస్తే అంత మిగులుతుంది" అనేది.

ఒకరోజు గ్లాసు పక్కన నీళ్లు పోసింది. గ్లాసే జరిగిందని దాన్ని తిట్టింది. మర్నాడు పోట్లాడి కంటి ఆసుపత్రికి లాక్కెళ్లాను.

డాక్టరమ్మ ఆమె కంటి లోపలి ఫోటోను తెర మీద వేసింది. గుండ్రంగా, ఎర్రటి నారింజ రంగులో వెలుగుతోంది. నాళాలు పరుచుకుని ఉన్నాయి. మధ్య మధ్య రక్తపు చుక్కలు. డాక్టరమ్మ నోరు తెరవకముందే పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అలాంటి గుడ్డు దీపం ముందుకొస్తే తన చెయ్యి ఎటు పోతుందో ఆమెకు తెలుసు.

నల్లగుడ్డ సంగతి నేనే చెప్పాను. డాక్టరమ్మ నిట్టూర్చింది.

"చీకట్లో కన్ను నిద్రపోతుందనుకుంటున్నారా? దానికి చాకిరీ ఎక్కువయ్యేది అప్పుడేనమ్మా. చీకట్లో చూసే కణాలు కంటిపొర నిండా ఉంటాయి. వెలుతురు తగిలితే వాటి పని తగ్గుతుంది. చీకటైతే వాటి తలుపులు తెరుచుకుని లోపలికి ఉప్పు వస్తూనే ఉంటుంది. చిల్లిపడవలో నీళ్లు తోడినట్టు ఆపకుండా బయటికి తోడాలి. దానికి బోలెడంత ప్రాణవాయువు కావాలి. షుగరుతో పాడైన మీ నాళాలు అంత అందించలేవు. అందక, కన్ను కొత్త నాళాలు మొలిపించుకుంటోంది. అవి ఉల్లిపొరలు. ఎప్పుడు చిట్లి కంటి లోపలే రక్తం కారుతుందో చెప్పలేను."

"అయితే చీకటి వల్లే వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది షుగరు వల్ల. చీకటి ఎంత తోడైందో నేను లెక్క కట్టి చెప్పలేను. మేలు మాత్రం చెయ్యలేదు." పెద్దమ్మ వైపు తిరిగింది. "అంచుల్లో ఉన్న కణాల్ని కొన్నిటిని లేజర్‌తో కాల్చేద్దాం. తినే నోళ్లు తగ్గితే ఉన్నదాంతో నడిమి చూపు నిలబడుతుంది. చీకట్లో చూపు మాత్రం తగ్గుతుంది."

"చీకట్లోనే కదమ్మా నా పని" అంది పెద్దమ్మ. ఆలోచించుకుని వస్తామని లేచింది.

దారి పొడుగునా తిట్టాను. "పాడైంది తీసేయకపోతే ట్రే అంతా పోతుందని నాకు నేర్పింది నువ్వేగా?"

"అవి చచ్చినవే. ఇవి బతికే ఉన్నాయిగా. బతికున్నవాటిని కాల్చుకోమంటావా?"

పెద్దమ్మ వచ్చే వారం వెళదామంది. ఆ వారం వచ్చాక మళ్లీ వచ్చే వారం అంది. గుడ్డ కట్టుకోవడం మానలేదు. నేను విప్పితే మళ్లీ కట్టుకునేది.

ఆ రోజు పొద్దున్న పనిలోకి దిగిన కాసేపటికే ఆమె బకెట్ చప్పుడు మొదలైంది. మామూలుగా ఎప్పుడో ఒకటి పడుతుంది. ఆ రోజు ఒకదాని వెనక ఒకటి పడుతూనే ఉన్నాయి.

"ఏంటి పెద్దమ్మా, అన్ని పారేస్తున్నావు?"

"ఈ విడతంతా చచ్చిందే. యంత్రం చెడినట్టుంది. దేన్ని చూసినా రక్తపు చారే. సూపర్‌వైజర్‌ని పిలుచుకురా." గొంతులో గర్వం ఉంది, అందరికంటే ముందు పట్టేశానని.

నేను ఆమె బకెట్లోంచి పగలని గుడ్డు ఒకటి తీసుకుని నా దీపం మీద ఆనించాను. నాళాలు చక్కగా పరుచుకుని ఉన్నాయి. మధ్యలో నల్లటి నలుసు కదిలింది. ఇంకొకటి తీశాను. అదీ కదిలింది. అడుగున పగిలినవాటిని చూడటానికి ధైర్యం చాల్లేదు.

వెళ్లి గోడ మీది స్విచ్ నొక్కాను. ఎవరూ వేయని ఆ ట్యూబులైటు కొట్టుకుని కొట్టుకుని వెలిగింది.

"ఆర్పవే! కళ్లు పాడవుతాయి" అని అరిచింది పెద్దమ్మ. తల ఎత్తింది. చేతిలో గుడ్డు అలాగే ఉంది. ఎదుటి గోడ వైపు చూసింది, పక్క గోడ వైపు చూసింది. ఏదో పాకుతున్నట్టు చూపు మెల్లగా కిందికి దిగింది.

"ఏమే," అంది చిన్నగా, "ఆ గోడ మీదికి రక్తం ఎలా వచ్చిందే?"

గోడ మీద సున్నం తప్ప ఏమీ లేదు.