పంతులు గారికి చేరవేసిన తిట్లు

మొన్న మోకాలి నొప్పి ఎక్కువై మంచం దిగలేకపోతే, మా బడి ఆయా పైడమ్మ నువ్వులనూనెలో కర్పూరం వేసి కాచి తెచ్చింది. ఆ ఘాటు గదిలోకి రాగానే నొప్పి సంగతి మరిచిపోయాను. టెక్కలిలో వీధివైపు కిటికీ ఉన్న గదిలో, కుడిచెయ్యి పడిపోయి పడుకున్న అప్పలనరసయ్య పంతులు గారు కళ్ళముందుకొచ్చారు. ఆయన చివరి రోజుల్లో ఆ గదిలో పొద్దస్తమానం ఇదే వాసన. ఈ కాలం వాళ్ళకు ఆయన పేరు తెలియదు. వృత్తికి ప్లీడరు, దాదాపు ఇరవై ఏళ్ళు తాలూకా బోర్డుకు ప్రెసిడెంటు. పొట్టిమనిషి, పెద్ద గొంతు. పలాస నుంచి సముద్రపు ఒడ్డు దాకా ఆయన గురించి ఏదో ఒక అభిప్రాయం లేని ఇల్లు ఉండేది కాదు.

ఆయన్ని తిట్టుకోవడానికి ఒక్కొక్కరికి ఒక్కో కారణం. ఉద్దానంలోకి బండిరోడ్డు వేయించినప్పుడు కాపుకొచ్చిన కొబ్బరిచెట్లు అడ్డంగా నరికించారు. పదవులు వదులుకొమ్మని దేశమంతా పిలుపు వచ్చినప్పుడు, తను కుర్చీ దిగితే బడులకు తాళం పడుతుందని దిగలేదు. దొరల మనిషని పేరు పడింది. ఆయన మీదున్న నిందల్లో నేనూ ఒకదాన్ని. మా నాన్న బోర్డు ఆఫీసులో గుమాస్తా. పద్నాలుగేళ్ళకే భర్త పోయి ఇంటికొచ్చిన నన్ను, పంతులు గారు నాన్నతో రెండేళ్ళు వాదించి బరంపురం ట్రెయినింగు స్కూలుకు పంపించారు. తిరిగొచ్చాక టెక్కలి ఆడపిల్లల బడిలో ఉద్యోగం ఇచ్చారు. వితంతువుకు బెత్తం ఇచ్చి ఊరు చెడగొడుతున్నాడని అగ్రహారం వాళ్ళు ఏడాదిపాటు ఆయన ఇంట భోజనానికి వెళ్ళలేదు. ఆ సంగతి నాకు ఆయన చెప్పలేదు. ఆయన భార్య సుందరమ్మ గారు చెప్పారు, అదీ ఒకసారి కోపంలో.

అలాంటి మనిషి ఒక ఉదయం కోర్టు వరండాలో మెట్టెక్కుతూ కూలిపోయారు. పక్షవాతం. కుడిభాగం పడిపోయింది, నోరు వంకరపోయింది. బరంపురం నుంచి వచ్చిన డాక్టరు, మరోసారి వస్తే నిలవరని సుందరమ్మ గారికి చాటుగా చెప్పి వెళ్ళాడు. కబురు రైల్లోనూ బండ్లలోనూ పాకిపోయింది. రెండు రోజుల్లో వీధి నిండిపోయింది. ఆయన బావులు తవ్వించిన పల్లెలవాళ్ళు మొక్కుకున్న కొబ్బరికాయలతో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మరోపక్క, రోడ్డులో చెట్లు పోయిన ఊళ్ళలో కొందరు ఉగ్గబట్టుకోలేక నవ్వారట. హరిశ్చంద్రపురం స్టేషనులో అయితే ఆయన అప్పటికే పోయారని చెప్పుకుని, తరవాత ప్రెసిడెంటు ఎవరన్న దాని మీద తగువుపడ్డారు.

బడి వదిలాక నేను రోజూ వెళ్ళి పత్రిక చదివి వినిపించేదాన్ని. ఆయన మాట ముద్దముద్దగా వచ్చేది. ఇంట్లోవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగితే విసుక్కునేవారు. నాకు మాత్రం మొదటిరోజు నుంచీ ఆ మాట అర్థమయ్యేది. చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పడం వల్ల వచ్చిన చెవి కాబోలు. వారం గడిచాక పత్రిక పక్కన పెట్టమని, జనం ఏమనుకుంటున్నారని అడిగారు. అందరూ దిగులుపడుతున్నారని, గుళ్ళో పూజలు చేయిస్తున్నారని చెప్పాను. ఆయన ఎడమచేత్తో దుప్పటి సర్దుకుని నా వైపే చూశారు.

“తిట్టినవాడు ఒక్కడూ లేడా?” అన్నారు. “అయితే ఇరవై ఏళ్ళూ నేను ఏటీ చెయ్యలేదన్నమాట. రేపు సరిగ్గా విని రా, అమ్మాయ్.”

మర్నాటి నుంచి సరిగ్గానే విన్నాను. చెప్పడం మాత్రం కష్టమయ్యేది. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. కొన్నిటికి తల ఊపేవారు. కొబ్బరితోటల సంగతి వచ్చినప్పుడు, రోడ్డు కొంచెం ఉత్తరానికి జరిపితే సగం చెట్లు బతికేవని, ఆ మాట అప్పుడు తనకు చెప్పిన ఓవర్సీయర్ని కసిరానని అన్నారు. సుందరమ్మ గారు గుమ్మంలో నిలబడి నన్ను చూపులతోనే కాల్చేవారు. జబ్బుమనిషి దగ్గర ఇవేం మాటలని ఒకనాడు నా చేతిలోంచి విసనకర్ర లాక్కున్నారు. ఆవిడ తప్పు లేదు.

అలా విని రావడానికే ఒక సెలవురోజు కోటబొమ్మాళి సంతకు వెళ్ళాను. ఎండుచేపల వరసలో నూకమ్మ అని ఒకామె ఉండేది. సంతబొమ్మాళి దాటాక సముద్రపు ఒడ్డునున్న పల్లె ఆమెది. పన్నెండేళ్ళుగా సంత సంతకూ పంతులు గారిని పేరుపెట్టి తిట్టేదని అందరికీ తెలుసు. కారణమూ తెలుసు. ఆ పల్లెలో కలరా పుట్టినప్పుడు ఆమె కూతుర్ని తీసుకుని కవిటిలో చెల్లెలి పురిటికి వెళ్ళి ఉంది. పంతులు గారు పల్లె చుట్టూ తాళ్ళు కట్టించి, లోపలివాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి వెళ్ళకుండా బంట్రోతుల్ని పెట్టారు. నూకమ్మ పరుగున వచ్చి రెండు రోజులు ఆ తాడు దగ్గరే నిలబడింది. లోపల ఆమె భర్త దానయ్య చనిపోయాడు. చనిపోయినవాళ్ళను సున్నం చల్లి ఎక్కడో పూడ్చారు, గుడిసెలు తగలబెట్టారు. జబ్బు పక్క పల్లెకు పాకలేదు. దానయ్య ఎక్కడున్నాడో మాత్రం ఎవరూ ఆమెకు చెప్పలేదు.

ఆ రోజు ఆమె తిట్టడం లేదు. బుట్ట ముందు ఊరికే కూర్చుంది. నేను ఎవరినో చెప్పి పక్కన కూర్చున్నాను. బుట్ట మీద ఈగలు తోలి నోరు విప్పింది.

“ఆయన్ని సావొద్దని సెప్పు, పంతులమ్మా. నా మాటొకటి ఆయన కాడుండిపోనాది. అది సెప్పకుండా ఎల్లిపోతే నానెవుల్నడగాలి?”

ఈ కబురు పంతులు గారికి యథాతథంగా చెప్పాను.  ఆయన ఆమెను పిలిపించమన్నారు. సుందరమ్మ గారు ఒప్పుకోలేదు. శాపనార్థాలు పెట్టేదాన్ని మంచం దగ్గరికి తెస్తే మనిషి దక్కుతాడా అని ఏడ్చారు. ఆవిడ ఆయన మెడలో గంధపుపూసల తాయెత్తు కట్టి రెండు రోజులే అయింది. నాకూ భయం వేసింది. ఉద్వేగం తగలకూడదని డాక్టరు చెప్పినది నేనూ విన్నాను. కానీ మరో నాలుగు రోజులు ఆగితే ఆ కాస్త మాట కూడా ఉంటుందో ఉండదో. మర్నాడు తెల్లవారుతూనే బండి కట్టించుకుని నేనే వెళ్ళి ఆమెను తీసుకొచ్చాను. ఆమెను చూసి సుందరమ్మ గారు ముఖం తిప్పుకున్నారు గానీ, గుమ్మానికి అడ్డు నిలవలేదు.

గదిలోకి వచ్చాక కూర్చోమంటే కూర్చోలేదు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, వంకరపోయిన ఆ ముఖాన్ని చూసింది. ఆమె ఊహించుకున్న మనిషి ఈయన కాదనుకుంటాను. ఒక్క ప్రశ్న అడిగింది.

“నా పెనిమిటినెక్కడెట్టీసినావు, బాబూ?”

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ముద్దగా, ఆగి ఆగి వస్తున్న మాటలను నేను విని, ఒక్కొక్కటే ఆమెకు అందించాను. ఉప్పుటేరు సముద్రం వైపు తిరిగే మలుపు. గట్టు మీద మూడు తాడిచెట్లు. నడిమి చెట్టుకు తూర్పున, వరసగా ఏడుగురు. దానయ్య కడపటివాడు, సముద్రం పక్కన. నడిమి చెట్టుకు కత్తితో ఏడు గంట్లు పెట్టించారు. పూడ్చడానికి బంట్రోతులు భయపడితే, పక్కన నిలబడి పార ఆయనా పట్టుకున్నారు. పేర్లు అడిగి కాగితం మీద రాసుకున్నారు. ఆ కాగితం పెట్టెలో ఉందని ఎడమచేత్తో చూపించారు. నేను తీసి చదివాను. చివరి పేరు దానయ్యదే.

అప్పుడు నూకమ్మ కూర్చుంది, నేల మీద. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగింది. ఆయన పెదవులు చాలాసేపు కదిలాయి. “భయమేసింది,” అన్నారు. “నీ ఎదటికి రావడానికి.” ఈ మాట నా సాయం లేకుండానే ఆమెకు అర్థమైంది.

“తాడు కట్టీసినావని తిట్టినాను. కట్టకపోతే మా సెల్లెలి బిడ్డలూ పోదురేమో, నాకు తెల్దు,” అంది ఆమె. “సెప్పకపోడం మాత్రం తప్పే, బాబూ. అది నాను మర్సిపోను.”

ఆయన తల ఊపారు. ఆమె లేచింది. వాకిట్లో సుందరమ్మ గారు మజ్జిగ ఇస్తే నిలబడే తాగింది.

మర్నాడు మేమిద్దరం ఉప్పుటేరు గట్టుకు వెళ్ళాం. మూడు చెట్లలో ఒకటి ఎప్పుడో తుపానుకు పడిపోయింది. నడిమిది ఉంది. గంట్లు మాని నల్లగా పొంగి ఉన్నాయి. నూకమ్మ వేళ్ళతో తడిమి లెక్కపెట్టుకుని, తూర్పువైపు నడిచి, ఆఖర్న ఇసుకలో చతికిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె భర్తను తిట్టడం మొదలుపెట్టింది. తను పురిటికి వెళ్తూ ఏం చెప్పిందో, అతను ఎలా వినలేదో, కూతురు పెళ్ళి ఎవరితో అయిందో, మనవడికి ఎవరి పేరు పెట్టారో, అన్నీ తిట్ల మధ్యే చెప్పింది. నేను దూరంగా వెళ్ళి నిలబడ్డాను. పొద్దు నడినెత్తికి వచ్చినా ఆమె కబుర్లు అయిపోలేదు.

పంతులు గారు ఆ తరవాత పదకొండు రోజులు బతికారు. పక్షవాతం రెండోసారి నిద్రలోనే వచ్చింది. అంత్యక్రియలకు వచ్చినవాళ్ళూ ఉన్నారు, రాకుండా చూసుకున్నవాళ్ళూ ఉన్నారు. తరవాతి సంతలో ఎవడో చేపల వరసలో నిలబడి, దొరల కుక్క చచ్చిందన్నాడట. నూకమ్మ తక్కెడ కింద పెట్టి, ఆయన్ని తిట్టే అక్కు తనకుంది గానీ వాడికేటుందని అడిగిందట. వాడు చేపలు కొనకుండానే వెళ్ళిపోయాడని నాకు చెప్పినవాళ్ళు నవ్వారు.

బడికి పెద్దనయ్యాక నాకూ కొన్ని కఠినమైన పనులు తప్పలేదు. ఒక పిల్లను పై తరగతికి పంపలేకపోవడం, ఒకర్ని బడి మాన్పించవలసి రావడం. అలాంటప్పుడు చీటీ రాసి పైడమ్మ చేతికి ఇవ్వను. ఆ ఇంటికి నేనే వెళ్తాను. కిందటి నెల ఒక తల్లి నన్ను లోపలికి రమ్మనకుండా, ఇరుగుపొరుగు వింటుండగా, గుమ్మం బయటే నిలబెట్టి కడిగేసింది. సగం మాటలు నిజం, సగం కాదు.  అయినా ఆవిడ మాట పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.