ట్యాంకు మీది జానెడు పైపు

ఒక్క మాట అబద్ధం చెప్పాను. దాన్ని మోయబట్టి పదిహేనేళ్లు దాటింది. నా భార్యకు తెలియదు, నా బిడ్డకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఎదురుగా మనిషి కూర్చుంటే ఈ మాట నా గొంతు దాటి రాదు. ఒకసారి అలాగే ఆగిపోయింది కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఒమాన్‌లో తొమ్మిదేళ్లు కార్ల మెకానిక్‌గా పని చేశాను. మస్కట్ పక్కన రుసైల్‌లో ఫ్యాక్టరీలు, గోడౌన్లు ఉండే చోట మా గ్యారేజీ. 2007లో గోను తుఫాను వచ్చి పోయిన మరుసటి ఏడు జరిగింది ఇది.

మా గ్యారేజీలో పెద్ద మేస్త్రీ రాజోలు వైపు మనిషి. అప్పటికే ఇరవై ఏళ్లకు పైగా అక్కడ ఉన్నాడు. అందరం బాబాయ్ అనేవాళ్లం. మలయాళీలు, పాకిస్తానీలు కూడా ఆ మాటకు అర్థం తెలియకుండానే బాబాయ్ అని పిలిచేవారు. నేను వెళ్లిన కొత్తలో నాకు స్పానర్ పట్టుకోవడం తప్ప ఏమీ రాదు. కళ్లు మూసుకుని ఇంజిన్ చప్పుడు వినడం నాకు నేర్పింది ఆయనే. ఏ బోల్టు బిగించినా ముందు మరలకు కాస్త గ్రీజు రాయమనేవాడు. "రేపు విప్పేవాడూ మనిషేరా అబ్బాయ్" అనేవాడు.

కారు సలీం గారిది. ఆయన ఒమానీ, బడిలో అరబ్బీ చెప్పే మాస్టారు. నిజానికి అది ఆయన అన్న కారు. డెబ్బైల నాటి అమెరికా బండి. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. ఎర్ర రంగు ఎండకు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది. అన్న చనిపోయాక నాలుగేళ్లు ఇంటి వెనక షెడ్డులో పడి ఉంది. వానాకాలంలో దక్షిణాన ఉన్న సలాలా చూడాలని వాళ్లమ్మ కోరిక. మస్కట్ మండిపోయే రోజుల్లో అక్కడ సన్నగా జల్లు పడుతుంది, కొండలు పచ్చబడతాయి. అక్కడికి పెద్దకొడుకు బండిలోనే వెళ్లాలని ఆ ముసలామె అడిగిందట. సలీం గారు రోజూ బడి అయ్యాక వచ్చి, ఫ్లాస్కులో కాఫీ, ఖర్జూరాలు తెచ్చి మా అందరికీ పంచి, ఒక ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని ఆ బండినే చూస్తూ ఉండేవారు.

ఇంజిన్ పని బాబాయ్ చేశాడు. పెట్రోలు లైను నాకు అప్పగించాడు. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా వెళ్లే పాత ఇనుప గొట్టం సన్నది, లోపలంతా తుప్పు. దాని బదులు లావు గొట్టం, పాత పంపు తీసేసి బలమైన కరెంటు పంపు, కొత్త ఫిల్టరు, మలుపుల దగ్గర స్టీలు అల్లిక ఉన్న పైపులు. అన్నీ వేశాను. చక్కగా వేశాను. ఆ పని గురించి ఇప్పటికీ సిగ్గుపడను.

ఒక్కటి మిగిలింది. ఇంజిన్ వాడుకోగా మిగిలిన పెట్రోలు ఇంకో లైనులో వెనక్కి ట్యాంకులోకి పోతుంది. ఆ లైను చివర, ట్యాంకు పైభాగంలో, జానెడు రబ్బరు పైపు ఉంటుంది. అది మార్చాలంటే ట్యాంకు దించాలి. ట్యాంకు దించాలంటే దాన్ని పట్టి ఉంచిన పట్టీల బోల్టులు విప్పాలి. స్పానర్ పెట్టి చూశాను. ముప్పై ఏళ్ల తుప్పు. కదల్లేదు.

ఆ రోజు గురువారం. మాకు సగం పూటే డ్యూటీ. నా బిడ్డ పుట్టి ఐదు నెలలు, నేనింకా చూడలేదు. మా ఊరి మనిషి సెలవు నుంచి తిరిగొచ్చాడు, బిడ్డ ఫోటోలు తెచ్చాడు. అతని రూమ్ అల్ మవాలేలో. అటు వెళ్లే కంపెనీ వ్యాన్ రెండింటికి బయల్దేరుతుంది. అప్పటికి పన్నెండున్నర.

బిడ్డ ఫోటో కోసం చేశానని చెప్పుకుంటే కొంచెం బాగుంటుంది. ఏళ్ల తరబడి నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కానీ నిజం అదేనా? వ్యాన్ పోతే బస్సో, టాక్సీయో దొరికేది. ఫోటోలు మరునాడు చూసినా మాసిపోయేవి కావు. ఎండ, చెమట, కదలని బోల్టు, ఎవరూ చూడని చోటు. బద్ధకం. అంతకంటే మంచి పేరు దానికి లేదు. లైటు వేసి చూశాను. సందులోంచి వేలు పోనిచ్చి ఆ పైపును తాకాను. గట్టిగా ఉంది. గట్టిగా ఉంది కదా, బాగానే ఉందిలే అనుకున్నాను. రబ్బరు గట్టిపడిందంటే చచ్చిపోయిందని అర్థం అని నాకు బాబాయ్ నేర్పలేదా? నేర్పాడు. తెలిసే అనుకున్నాను.

బాబాయ్ కార్డు పట్టుకుని వచ్చాడు. ఏ బండికి ఏ పని చేశామో రాసి, చివర ఆయన సంతకం పెట్టే కార్డు.

"ట్యాంకు దించేవా అబ్బాయ్?"

"దించిన బాబాయ్."

"పైన రబ్బరు పైపు?"

"కొత్తదేసిన."

సంతకం పెట్టాడు. బండి కిందికి దూరి చూడలేదు. మిగతా అందరి పనీ దూరి చూసేవాడు. నా పని చూడటం మానేసి అప్పటికే రెండేళ్లయింది. "శనివారం నీ కూతురి ఫోటో నాకూ చూపించాలి" అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

చూపించాను. చాలాసేపు చూశాడు. ముక్కు నీదేరా అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. బండి ఇంకో వారం మా దగ్గరే ఉంది. ఏ రోజైనా, బాబాయ్, ఆ ట్యాంకు నేను దించలేదు అంటే తిట్టేవాడు. ఆ తర్వాత తనే వచ్చి నా పక్కన పడుకుని ఆ బోల్టు విప్పేవాడు. అంత తేలిక. అయినా నోరు రాలేదు. ఒకసారి దించానన్నాక, దించలేదని చెప్పడం నాకు ఆ బోల్టు కంటే కష్టమైపోయింది.

సలీం గారు వాళ్లమ్మను తీసుకుని వచ్చి బండి తీసుకెళ్లారు. ఒక పెద్ద గిన్నెడు హల్వా ఇచ్చారు. ఆమె ముందు సీట్లో కూర్చుని, కిటికీలోంచి మా అందరికీ చెయ్యి ఊపింది.

సలాలా రోడ్డు ఎడారి మధ్యలోంచి పోతుంది. గంటల తరబడి ఏమీ ఉండదు. దారిలో హైమా అనే ఊళ్లో ఆగి ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకున్నారట. కొంత దూరం పోయేసరికి పెట్రోలు వాసన. అద్దంలో చూస్తే వెనక పొగ. కొత్త పంపు బలంగా తోస్తుంటే ఆ పాత రబ్బరు ముక్క చీలిపోయింది. పెట్రోలు కింద కాలుతున్న పొగగొట్టం మీద పడింది. సలీం గారు బండి ఆపి తల్లిని ఎత్తుకుని దూరంగా దించారు. ఆమె మందుల సంచి డిక్కీలో ఉంది. దానికోసం వెనక్కి వెళ్లి డిక్కీ తెరిచారు. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

కాలిన బండిని ట్రక్కు మీద మా గ్యారేజీకే తెచ్చారు. ఎర్ర రంగు ఎక్కడా లేదు. అర్బాబు, అంటే మా యజమాని, వచ్చి నిలబడ్డాడు. బాబాయ్ స్పానర్ తీసుకుని బండి కిందికి దూరాడు.

బయట నాకు ఆయన కాళ్లే కనబడుతున్నాయి. స్పానర్ జారిన చప్పుడు వినబడింది. మళ్లీ ఇంకోసారి. ఆ బోల్టు తిరగలేదు. మూడు వారాల కింద విప్పి, గ్రీజు రాసి బిగించిన బోల్టు అయితే కాలినా అలా ఉండదు. అది ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆయన కాళ్లు కదల్లేదు. ఆ కొంచెం చోటులో, ఆ మసిలో పడుకుని ఏం ఆలోచించాడు? నా గురించేనా?

బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు.

పెట్రోలు లైను ఎవరు వేశారని అర్బాబు హిందీలో అడిగాడు. నేను నోరు తెరిచాను. నిజం చెప్పడానికా, ఇంకో అబద్ధానికా? ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నా కంటే ముందు బాబాయే అన్నాడు:

"చెక్ చేసింది నేను. సంతకం నాది."

పది రోజుల్లో ఆయన వీసా రద్దు చేసి పంపేశారు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడ పని చేసిన మనిషిని. ఆయన సూట్‌కేసు వ్యాన్ దాకా నేనే మోశాను. దారిలో ఏదైనా అంటాడని ఎదురుచూశాను. వ్యాన్ ఎక్కాక అన్నాడు, "బండి కిందికి దూరినప్పుడు కళ్లజోడు పెట్టుకో. తుప్పు రాలి కంట్లో పడుద్ది." అంతే. తలుపు వేసేశారు.

ఆయన జాగాలో నన్ను మేస్త్రీని చేశారు. చేయించుకున్నాను.

రెండు నెలలకు సలీం గారు వచ్చారు. చేతికి కట్టు. వేళ్లు పూర్తిగా తెరుచుకోవడం లేదు, బోర్డు మీద ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నానన్నారు. బాబాయ్ ఏడని అడిగారు. పంపేశారని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. "నేను అడగలేదే. ఆయన్ని పంపమని నేనెవర్నీ అడగలేదు" అన్నారు. నేను చాయ్ తెచ్చి ఇచ్చాను. ఎడమచేత్తో తీసుకున్నారు. ఆయనకూ చెప్పలేదు.

ఇంకో ఐదేళ్లు పని చేసి ఇంటికొచ్చేశాను. నాలుగేళ్ల కింద ఒకసారి ధైర్యం చేసి రాజోలు వైపు వెళ్లాను. బాబాయ్ పోయి అప్పటికి ఏడాది. ఆ సంగతి కూడా నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. నా పేరు వినగానే, "మీ గురించి చెప్పేవారండి, మంచి పనివాడని" అంది. ఇక్కడికొచ్చాక ఆయన మళ్లీ స్పానర్ ముట్టుకోలేదట. మేనల్లుడి కిరాణా కొట్టులో కూర్చునేవాడట. ఎవరైనా బండి చూడమని తెచ్చినా చేతులు కట్టుకుని వద్దనేవాడట.

"ఏదో చిన్న పైపు చూసుకోలేదంట బాబూ. నా నిర్లక్ష్యం వల్ల ఒకాయన చెయ్యి కాలిపోయిందే అని బాధపడేవారు" అంది.

తన భార్యకు కూడా ఆ తప్పు నాదని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? నాకొక బిడ్డ ఉందనా? చూడకుండా సంతకం పెట్టడం నిజంగా తన తప్పేనని నమ్మాడా? లేక ఆ తప్పుతో కలిపి నా పేరు పలకడం ఇష్టం లేకనా? మంచి పనివాడని చెప్పాడట. ఆ మాట నాకు అన్నింటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. అప్పుడు చెప్పాలి. మాట గొంతు దాకా వచ్చింది. నేను ముద్ద మింగాను. దండం పెట్టి బస్సెక్కాను. అది రెండో తప్పు. మొదటిదాని కంటే చిన్నదని నేననుకోవడం లేదు. మొదటిసారి ఎండనో, బోల్టునో అనొచ్చు. ఆ రోజు నీడలో కూర్చుని, కడుపు నిండా తిని, చనిపోయిన మనిషి మీద నా తప్పు వదిలేసి వచ్చాను.

ఇదంతా ముందు బాబాయ్ భార్యకే ఉత్తరంగా రాశాను. అందులో నా పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. మీకు రాసింది తర్వాత. క్షమించమని అడగలేదు. క్షమించాల్సిన మనిషి లేడు. సలీం గారు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో తెలియదు. ఆమెకు కోపం రావచ్చు. ఉత్తరం చింపి పారేయొచ్చు. ఆమె భర్త పనిలో తప్పు లేదని తెలిస్తే చాలు. ఇన్నేళ్లూ తెలియనివ్వనందుకు ఆమె నన్నేమన్నా పడతాను. నా భార్యకు సాయంత్రం చెప్పాలి.

ఈ ఉదయం ఉత్తరం పోస్టు డబ్బాలో వేశాను. కవరు లోపల పడ్డాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాను. తేలికగా అనిపించలేదంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. తేలికగానే ఉంది. అలా ఉన్నందుకు సిగ్గుగా కూడా ఉంది.