గుట్టకు పథ్యం

మా పెదనాన్న ఎవరింటికి వెళ్లినా "బాగున్నారా?" అని అడగడు. "ఇవాళ ఏం తరిగారు?" అంటాడు. లోకంలో ఏ తొక్కా మట్టిని చేరకుండా పోకూడదన్నది ఆయన నియమం. పెరట్లోని ఎరువుగుట్ట ఆయన ఇష్టదైవం అందామంటే దేవుడికి కోపం వస్తుందేమో. పెంచుకున్న బిడ్డ అంటే సరిపోతుంది.

పెళ్లికి పిలిస్తే తిన్నగా వంటశాల వెనక్కి నడుస్తాడు. ఒక పెళ్లిఫొటోలో అందరూ నగలతో నిలబడితే ఈయన అరటితొక్కల బస్తాతో నిలబడ్డాడు. "తమరు పెళ్లికూతురి తరఫా, పెళ్లికొడుకు తరఫా?" అని ఎవరో అడిగారట. "తొక్కల తరఫు" అన్నాడట.

రోజూ గుట్టలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి వేడి చూస్తాడు. చలికాలంలో ఒకనాడు పెద్దమ్మ దుప్పటి గుట్టమీద తేలింది.

"మరి నాకు చలేస్తే?"

"నీకు నోరుంది, అడుగుతావు. అదేం అడుగుతుంది పాపం!"

పొద్దున్నే బకెట్టుతో వీధంతా తిరుగుతాడు. తొక్క చూసి ఇల్లు చెబుతాడు. "చెక్కుతో పాటు సగం దుంప పోయిందా? బడిపంతులే! పేపరు చదువుతూ తరుగుతాడు. దారంలా సన్నగా వచ్చిందా? గడియారాలు బాగుచేసే ఆయన." మేము పడీ పడీ నవ్వేవాళ్లం.

గడియారాలాయన పక్కిల్లే బట్టలు కుట్టే అక్కది. అక్క, ఆమె ముసలి అత్తగారు, అంతే. కుట్టుమిషను పాడై మూలపడింది. అక్కకు అభిమానం మెండు. పెద్దమ్మ పంపిన కూరగిన్నెను మూతయినా తీయకుండా తిప్పి పంపింది. "మాకేం తక్కువని?" అంది.

ఒకరోజు ఆమె ఇచ్చిన గుప్పెడు తొక్కలను చూసి పెదనాన్న మొహం వాడిపోయింది. తిన్నగా ఇంటికొచ్చాడు.

"ఇవి గడియారాలాయన చెక్కులే. నేను అడుగుతానని అతని చెత్తతొట్టిలోంచి ఏరి ఇచ్చింది. ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు."

"అయ్యో! అన్నం పట్టుకెళ్లండి మరి" అంది పెద్దమ్మ.

"తలుపేస్తుంది."

ఆయన కాసేపు గుట్టకేసి చూసి, సంచి తీసుకుని బజారుకు పరుగెత్తాడు. వచ్చేటప్పుడు గుమ్మడికాయ, దుంపలు, క్యారెట్లు. అక్క గుమ్మంలో దింపి, వీధంతా వినబడేలా మొదలెట్టాడు.

"అమ్మాయ్! మా గుట్ట నీరసపడిపోయింది. పథ్యం పెట్టాలి. మీ పెద్దమ్మది మొద్దు చెయ్యి, ఆ చెక్కు దానికి అరగడంలేదు. నువ్వే తరిగి పెట్టాలి తల్లీ!"

"మరి లోపలి కండ?"

"ఛీ ఛీ! ఆ చెత్త నాకెందుకు? నా గుట్టకు బొత్తిగా పడదు. ఏం చేసుకుంటావో నీ తిప్పలు నువ్వు పడు. మా ఇంటికి మాత్రం తేకు!"

అక్క ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తలుపు వేస్తుందనే అనుకున్నాను. ఆయన బకెట్టు ముందుకు చాచి, అప్పు వసూలుకు వచ్చినవాడిలా కదలకుండా నిలబడ్డాడు. చివరికి ఆమె పెదవి వణికి, వణికి, నవ్వయింది.

"రోజూ ఇదే చాకిరీనా, పెదనాన్నా?"

"దానికి ఒళ్లు కుదుటపడేదాకా తప్పదు!"

సాయంత్రం ఆ కిటికీలోంచి కూర ఉడికే వాసన వచ్చింది. మర్నాడు పెదనాన్న బకెట్టులోకి తొంగిచూసి, నడివీధిలో అక్కమీద కేకలేశాడు.

"ఇంత పలచగా చెక్కితే నా గుట్టకు కడుపు నిండుతుందటే? ఉండు, రేపు రెండు గుమ్మడికాయలు తెస్తాను!"