గీతకు ఇవతల పడిన సమాధి

1997లో నేను విరుదునగర్ తాలూకాలో సర్వేయరుని. మాది కోవిల్‌పట్టి, ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం. సాత్తూరు దారిలో ఒక ఊరుంది. అక్కడ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పనిచేసే తెలుగు క్రైస్తవులు ఎక్కువ. ఒకప్పుడు ఒకే మిషన్ కింద ఉన్న సంఘం, అక్కడి మాటలో సబై, రెండుగా చీలింది. శ్మశానం ఒక్కటే ఉమ్మడిగా మిగిలింది. దాన్నీ పంచమని ఇద్దరు పాస్టర్లూ కలిసి అర్జీ పెట్టారు.

నేను వెళ్ళేసరికి ఐక్య ప్రార్థనల వారం నడుస్తోంది. ఇద్దరూ ఒకే పందిట్లో ప్రార్థన, వాళ్ళ మాటలో జెబం, ముగించి నేరుగా నా దగ్గరికి వచ్చారు. ఎఫ్‌ఎంబీ, అంటే ప్రతి సర్వే నంబరు కొలతలూ ఉండే పటాల పుస్తకం, చూసుకుని కొలత చైను లాగాను. సరిగ్గా సగానికి సున్నంతో గీత వేయించాను. రెండు రోజుల్లో వచ్చి హద్దురాళ్ళు నాటిస్తానన్నాను.

వచ్చి చూస్తే గీత పక్కన ఒక గొయ్యి తెరిచి ఉంది. అంచున ఒక ముసలామె కూర్చుని ఉంది. పేరు జ్ఞానమ్మ.

"ఎవురు పోయినారవ్వా?" అనడిగాను.

"ఎవురూ పోలేదు సార్. నా మొగుడు పొయ్యి ఆరేండ్లాయ. నిన్న పెరికి అవతల పెట్టినారు. ఆయన ఆ సబై, నేను ఈ సబై. మీ గీతకు ఇవతల పన్నాడంట."

పాస్టర్లిద్దరినీ పిలిపించాను.

పెద్ద పాస్టరు శాంతంగా చెప్పాడు. "తగువేమీ లేదు సార్. రెండు సబైలూ కూడి, జెబం చేసే తీసినాము."

ఆ వారమంతా వాళ్ళు ఒక్క మనసుతో చేసిన పని అదే.

"ఆయన పక్కన నాకు చోటు పెట్టుండ్య," అంది జ్ఞానమ్మ. "ఇంగ నన్ను ఏడ పెడతారు సార్?"

రాళ్ళు దించనివ్వకుండా బండి వెనక్కి తిప్పించి, తాసిల్దారుకు రిపోర్టు రాశాను. ఆయన ఇద్దరినీ పిలిచి మందలించారు. పంపకం ఆగింది. జ్ఞానమ్మ మొగుడు ఆశీర్వాదాన్ని మాత్రం మళ్ళీ కదిలించే ధైర్యం ఎవరూ చేయలేదు. నాలుగేళ్ళకు జ్ఞానమ్మ పోయిందని, ఇవతలే పూడ్చారని విన్నాను.

నా కొలతలో అంగుళం తేడా లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ తర్వాత ఏ శ్మశానానికి వెళ్ళినా, ఎక్కడ ఎవరున్నారో పేర్లు రాయించుకుని, వాళ్ళ ఇంటివాళ్ళను పిలిపించి మాట్లాడాకే చైను విప్పాను.