గురువమ్మ బాల్వాడీలో నేర్పింది

డెబ్బైలలో పోర్ట్‌బ్లెయిర్ పక్కనున్న ఒక తీరపు వాడలో గురువమ్మ బాల్వాడీ నడిపేది. రేకుల కప్పు, ఇసుక నేల. పిల్లలంతా శ్రీకాకుళం సముద్రం వదిలి ఈ సముద్రానికి వచ్చి స్థిరపడిన జాలర్ల పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. పసితనంలో నేర్చింది పెద్ద తరగతుల్లో ఎంత పనికొస్తుందో తేల్చడానికి పండితులు లావుపాటి పుస్తకాలు రాశారు. కొన్ని చదివాను, ఒకటి ఓడలో నాకు మంచి నిద్ర పట్టించింది. ఈ వాడ సంగతి మాత్రం వాటిలో కనిపించలేదు.

ఇక్కడ పిల్లలకు మాటలతోపాటే మౌనమూ నేర్పుతారు. నాన్న వల ఎక్కడ వేశాడని బయటివాళ్లు అడిగితే పెదవి కదపకూడదు. చేపలు పడే చోటు ఇంటి గుట్టు. ఆ అలవాటుతోనే ఒకటో తరగతిలో కూర్చునేవారు. మాస్టారు ఏమడిగినా నేలచూపులే. మొద్దులనుకుని ఆయన వెనక బెంచీకి తోసేవాడు. జాలరి అప్పలకొండ కొడుకు మల్లేశు, బాల్వాడీకి వెళ్లనివాడు, అలాగే తప్పి, మళ్లీ తప్పి, పడవెక్కాడు.

గురువమ్మ దగ్గర మౌనం సాగేది కాదు. చేపల బజారు ఆట పెట్టి హిందీలో బేరాలాడించేది. మల్లేశు చెల్లెలు యర్రమ్మకు అక్కడే నోరు వచ్చింది. ఆ ఊపులో, పక్క పడవ నూకయ్య అడగ్గానే వల చోటు చెప్పేసింది. తెల్లారేసరికి అక్కడ నూకయ్య వల ఉంది.

అప్పలకొండ బాల్వాడీ మీదికొచ్చాడు. "అప్పా! నీ సదువు నా పొట్ట కొట్టింది. రేపట్నుంచి గుంటని పంపను. బస్, ఖతం!"

"నూకయ్యకి సెప్పడం తప్పే తమ్ముడూ. మరి మల్లేశుకి లెక్కలు రావేటి?" అంది గురువమ్మ.

"ఎందుకు రావు? సేపల లెక్క నాకన్నా బేగి సేస్తాడు."

"మాస్టరడిగితే సెప్పాడేటి?"

అప్పలకొండ తల దించుకున్నాడు.

"ఏటి, నువ్వూ ఒకటో క్లాసులో కూకున్నావా?"

గుమ్మంలో ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. అతను మాత్రం నవ్వలేదు. "సరే, గుంటని రానీ. నానే ఇంట్లో సోటు సెప్పడం మానేస్తాను."

"నాకూ సెప్పవేటి?" అంది అతని భార్య బుల్లమ్మ.

"నీకు అసలే సెప్పను!"

ఆ బాల్వాడీ పిల్లలందరూ పెద్ద చదువులు చదివారని అనను. కొందరు పడవే ఎక్కారు. యర్రమ్మ కూడా పదో తరగతిలో లెక్కల్లో తప్పింది. ఆ వాడ పిల్లలు తప్పితే చప్పుడు లేకుండా ఇంటికెళ్లి వల పట్టుకునేవారు. యర్రమ్మ హెడ్‌మాస్టరు గదిలోకి వెళ్లి, ఏ లెక్కలు తనకు అర్థం కావడం లేదో ఆయన ముందే ఒక్కొక్కటీ చెప్పి, నేర్పించమని అడిగింది. ఆయన విసుక్కున్నాడు. ఆమె కదల్లేదు. చివరికి సాయంత్రాలు రమ్మన్నాడు.

మరుసటి ఏడు పాసయింది.