ఇంటిపేరు చెప్పింది నేనే

దేవరాజు అనే మనిషి ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్న నింద నాది. అతను మోస్తున్నాడు, నేను చూస్తున్నాను. ఊరికే చూస్తూ ఉండడం కూడా బరువేనని చెబితే మీరు నవ్వవచ్చు. నవ్వండి. ఆ బరువుతోనే నేను తిన్నాను, నిద్రపోయాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను. ఇప్పుడు అలసిపోయాను. పశ్చాత్తాపం కంటే అలసటే ఎక్కువేమో, నాకే తెలియదు. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. ముక్కూ మొహం తెలియనివాళ్లకు మనసు విప్పడం నాకు పాత అలవాటు. ఆ అలవాటే ఇంత పని చేసింది.

మాది వేలూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వాళ్లంతా కట్టడం పనివాళ్లు. తాతలు సున్నం నూరారు, నాన్న గోడలు కట్టాడు. నేను డిగ్రీ చదివి సత్తువాచారిలో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో కొలతలు రాసే పనిలో చేరాను. ఆ ఆఫీసు కింద దేవరాజు ఒక బ్రౌజింగ్ సెంటరు పెట్టాడు. ఊళ్లోకి ఇంటర్నెట్ అప్పుడప్పుడే వస్తున్న కాలం అది. చెక్కతో కట్టిన చిన్న చిన్న గదులు, ఒక్కోదానికి ఒక్కో పరదా. ఒక పేజీ తెరుచుకునేలోపు బయటికి పోయి టీ తాగి రావచ్చు. దేవరాజు కూడా మావాడే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెయిల్ పంపడం నేర్పింది అతనే.

సాయంత్రం పని కాగానే అక్కడికి దిగేవాణ్ణి. ఎక్కడెక్కడి తెలుగువాళ్లో చేరి వాదించుకునే చర్చావేదిక ఒకటి దొరికింది. అందరం ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేవాళ్లం. అక్కడ నా పేరు 'పాలారు', మా ఊరి పక్క ఏటి పేరు. ఎవరికి ఓటు వెయ్యాలి, ఏది మన నేల, ఎవరు మనవాళ్లు, ఇవే మాటలు. తమిళుల వేదికలోకి పోతే నన్ను 'వందేరి' అనేవాళ్లు, అంటే ఎక్కడినుంచో వచ్చి చేరినవాడని. ఇక్కడికొస్తే 'అరవోడు' అనేవాళ్లు. 'కృష్ణాతీరం' అనే పేరుతో రాసే ఒకాయన ఉండేవాడు. మంచి చదువరి. నాకు తెలుగు లిపి రాదని ఒకసారి నోరుజారి చెప్పాను. అంతే, దొరికిపోయాను. "ముందు అఆలు దిద్దుకుని రండి సార్, జాతి గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం" అని రాశాడు. దాని కింద ఎంతమంది నవ్వారో. మరుసటి వారమే గుడియాత్తంలో ఒక పాత ఒకటో తరగతి వాచకం సంపాదించి దిద్దడం మొదలుపెట్టాను. ఇప్పుడు మీకు రాస్తున్న ఈ అక్షరాలు ఆ రోషంతో నేర్చినవే.

ఇక కళావతి గురించి చెప్పాలి. ఇంతసేపూ ఆ పేరు రాయకుండా చుట్టూ తిరుగుతున్నాను.

కళావతి నాకు చెల్లెలి వరస. వాళ్లది గుడియాత్తం. తండ్రి మేస్త్రి, చుట్టుపక్కల మా వాళ్లందరికీ పెద్దమనిషి. ఆ అమ్మాయి వేలూరులో ఒక కంప్యూటర్ కోర్సులో చేరి రోజూ బస్సులో వచ్చిపోయేది. ఒకసారి మోర్ధానా డ్యాము నిండిందంటే చూడడానికి మా చుట్టాలంతా కలిసి వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. ఆరోగ్యదాస్ అనే ఒక తమిళ అబ్బాయి. క్రైస్తవుడు. హోసూరులో ఎలక్ట్రీషియన్. తన తండ్రితో నేనే మాట్లాడాలని అడిగింది. నా మాటంటే ఆయనకు గురి. మాట్లాడతానన్నాను. మాట ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చాను.

మాట్లాడలేదు. రెండు మూడుసార్లు గుడియాత్తం వెళ్లాను. మేస్త్రి నాకు మజ్జిగ ఇచ్చి సిమెంటు గురించి, ఇసుక గురించి మాట్లాడేవాడు. నేను తల ఊపి తిరిగి వచ్చేవాణ్ణి. ఆ అమ్మాయి దేవరాజు సెంటరుకు వచ్చి ఆరోగ్యదాసుకు మెయిల్ రాసుకుని పోయేది. విషయం తెలిసినవాళ్లం నేనూ దేవరాజూ మాత్రమే.

మేస్త్రి ఎదుట పెగలని నోరు ఆ పరదా వెనక బాగా పెగిలేది. అదే రోజుల్లో వేదికలో పెళ్లిళ్ల మీద వాదం వచ్చింది. తమిళనాడులో మన పిల్లలు అక్కడివాళ్లను చేసుకుంటే తెలుగు ఒక తరంలో పోతుందని కృష్ణాతీరం. పోదని నేను. మనిషి నచ్చాక జాతేమిటి, మతమేమిటి అని పేజీలు పేజీలు రాశాను. అవన్నీ నేను నమ్మినవే. నమ్మకం లేకుండా రాసి ఉంటే ఇవాళ ఇంత సిగ్గుండేది కాదేమో. మా బంధువుల్లోనే ఒక అమ్మాయి తమిళ క్రైస్తవుణ్ణి చేసుకోబోతోందని, ఆమె తెలుగు ఎక్కడికీ పోలేదని, అతనికి కూడా నేర్పుతోందని రాశాను. పేరు రాయలేదు.

కృష్ణాతీరం వదల్లేదు. "కథలు చెప్పకండి. అసలు మీ వైపు వాళ్లకు ఇంటిపేర్లే ఉండవు, ఉత్త ఇనిషియల్ తప్ప. అలాంటివాళ్లు తెలుగువాళ్లెట్లా అవుతారు?"

మా ఇంటిపేర్ల సంగతి మీకు చెప్పాలి. బడి సర్టిఫికెట్లో, రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో ఎక్కడా అవి ఉండవు. తమిళ ఆచారం ప్రకారం తండ్రి పేరులోని మొదటి అక్షరమే. పక్కింటి తమిళులకు కూడా మా ఇంటిపేర్లు తెలియవు. పెళ్లిమాటలప్పుడు మాత్రం బయటికి వస్తాయి. రెండు కుటుంబాల వాళ్లు చాప మీద కూర్చుని ముందు అడిగేది అదే. ఇంటిపేరు చెబితే చాలు, ఏ ఊరు, ఎవరి కొడుకు, ఎవరి కూతురు, అన్నీ తేలిపోతాయి.

నాకు ఒళ్లు మండింది. మాకు ఇంటిపేర్లు లేవా? ఆ అమ్మాయిది సున్నంబట్టి వాళ్ల ఇల్లు, గుడియాత్తంలో అడిగి చూడు అని రాశాను.

అది పొరపాటని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మా వాళ్లకు తప్ప ఎవరికీ తెలియని పేరే కదా, దాన్ని పట్టుకుని ఎవరు కనుక్కుంటారు, అనుకున్నానని. సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, పంపే ముందు నా చెయ్యి ఆగింది. ఆగిందని నాకు బాగా గుర్తు. ఆ వేదికలో 'పలమనేరు' అనే పేరుతో ఒక పెద్దాయన ఉన్నాడని, అతనూ మావాడేనని, మా వాళ్ల పెళ్లి సంబంధాల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడడని, పలమనేరు గుడియాత్తానికి దగ్గరేనని ఆ ఆగిన క్షణంలో నాకు తోచింది. తోచినా పంపాను. ఎందుకు? గెలవాలని. ఎవరి మీద? మొహం కూడా చూడని మనిషి మీద. దీనికి ఇంతకంటే మంచి కారణం దొరుకుతుందేమోనని ఇన్నేళ్లు వెతికాను. దొరకలేదు.

ఆ రోజు నన్ను చాలామంది మెచ్చుకున్నారు. కృష్ణాతీరం కూడా "సరే, ఒప్పుకున్నాను" అన్నాడు. ఇంటికి ఈల వేసుకుంటూ పోయాను.

పలమనేరు పెద్దాయన వేదికలో ఏమీ రాయలేదు. గుడియాత్తానికి ఫోన్ చేశాడు. మేస్త్రి అప్పుడు కనియంబాడి దగ్గర ఒక ఇంటికి మిద్దె కాంక్రీటు పోయిస్తున్నాడు. మొదలుపెట్టాక చివరిదాకా ఆపకూడని పని అది. మేస్త్రి అన్నవాడు అది అయ్యేదాకా అక్కణ్ణించి కదలడు. ఆ రోజు ఆయన సగంలో దిగి, కాళ్లకు సిమెంటుతోనే బస్సెక్కి వచ్చి, వేలూరు బస్టాండులో కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

కొన్నాళ్లకు నేను గుడియాత్తం వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. ఆమె పెరట్లో బట్టలు ఉతుకుతోంది. నన్ను చూసి లేచి, చేతులు పావడాకు తుడుచుకుంది.

"అన్నా, నాయనకు ఎవురు చెప్పినారన్నా?"

"నాకెట్ట తెలుస్తాదమ్మా."

"నీకూ దేవరాజన్నకూ తప్ప ఇంకెవురికీ తెలీదు గదా. నువ్వయితే చెప్పవు."

నేను తడిబట్టల వైపు చూశాను.

"ఏమన్నా, పలకవు? ఆయప్పేనా?"

"ఏమో కళా. కంప్యూటర్లో వచ్చినాదంట గదా. ఆ కంప్యూటరు ఉండేది యాడ?"

చూశారా. నేను అతని పేరు కూడా ఎత్తలేదు. ఒక ప్రశ్న వేశాను, అంతే. ఆ ప్రశ్న వెనక ఇరవై ఏళ్లు దాక్కున్నాను. నేను దేవరాజు అని అన్నానా, లేదు కదా, అని ఎన్నిసార్లు నాకు నేను వాదించుకున్నానో లెక్కలేదు. వాదించడం బాగా నేర్చుకున్నవాణ్ణి.

ఇంటర్నెట్ చర్చ అంటే ఏమిటో మేస్త్రికి తెలియదు, కళావతికి అంతంతమాత్రమే తెలుసు. మెయిళ్లు దేవరాజు చదివి బయటపెట్టాడని వాళ్లు నమ్మారు. ఇంట్లో వేరే సంబంధం కుదిర్చి, పెళ్లి బట్టలు కొనడానికి వేలూరు తీసుకొచ్చిన రోజు కళావతి తన తల్లిని రోడ్డు మీద నిలబెట్టి సెంటరులోకి నడిచింది. దేవరాజును బయటికి పిలిచి అందరి ముందూ నిలదీసింది. నేను పైన ఆఫీసు కిటికీలోనుంచి విన్నాను. "నీకు అక్కచెల్లెండ్లు లేరా? నమ్మి వచ్చినదాని గొంతు కోసినావు గదప్పా" అంది. దేవరాజు "నేను కాదమ్మా, నా తల్లి మీద ఆన" అంటున్నాడు. నేను మెట్లు దిగి ఉంటే పది అడుగుల దూరం. దిగలేదు.

ఆ తర్వాత అతని సెంటరుకు ఆడపిల్లలు రావడం మానేశారు. ఇతరుల మెయిళ్లు చదివేవాడని ఊరంతా అనుకుంది. మూసేశాడు. మూసే ముందు ఒకసారి నా దగ్గరికి వచ్చాడు. మేస్త్రితో నువ్వు ఒక మాట చెప్పు, నీ మాట నమ్ముతాడు, అన్నాడు. కొన్నాళ్లు పోతే అదే సద్దుమణుగుతుందిలే అన్నాను. నా భుజం తట్టి పోయాడు. నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆరోగ్యదాస్ ఒకసారి గుడియాత్తం బస్టాండు దాకా వచ్చి, ఆమెను చూడకుండానే వెనక్కి వెళ్లాడని విన్నాను. కళావతికి కోలారు వైపు మా బంధువుల్లోనే పెళ్లి చేశారు. మనిషి మంచివాడే అంటారు. సుఖంగా ఉన్నావా అని నేను ఎన్నడూ అడగలేదు. పండగలకు, చావులకు కలుస్తాం. అన్నా అనే పిలుస్తుంది.

ఇక్కడిదాకా రాసి కొన్నాళ్లు ఆపేశాను. చదువుకుంటే ఒక సంగతి తెలిసింది. నేను తెలుగు లిపిలో రాస్తున్నాను. కళావతికి ఈ లిపి రాదు. దేవరాజుకూ రాదు. నేను ఎవరికైతే తప్పు చేశానో ఆ ఇద్దరూ చదవలేని అక్షరాల్లో కూర్చుని తప్పు ఒప్పుకుంటున్నాను. మళ్లీ పరదా వెనకే. తెలిసి చేశానా, తెలియక చేశానా? నన్ను నేను ఎంత తోడుకున్నా అడుగు కనబడదు.

ఆదివారం కళావతికి ఫోన్ చేశాను. ఇప్పుడు మీకు చెప్పిందంతా చెప్పాను. మాటలు సరిగ్గా రాలేదు. 'పాలారు' ఎవరో, వేదిక ఏమిటో మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చివరికి అర్థమైంది. తిడుతుందనుకున్నాను. తన పెళ్లి గురించో ఆరోగ్యదాస్ గురించో అడుగుతుందనుకున్నాను.

"ఆయప్పని అంతమంది ముందర అన్ని మాటలన్నాను గదన్నా" అంది. "నాతో అనిపించినావే."

ఫోన్ పెట్టేసింది. నేను పాడుచేసింది ఆమె పెళ్లి ఒక్కటే అనుకుంటూ వచ్చాను. ఒక నిరపరాధిని వీధిలో తిట్టిన పాపం కూడా ఆమె చేతుల్లో పెట్టానని అప్పటిదాకా తట్టనే లేదు.

దేవరాజు ఇప్పుడు వేలూరు పాత బస్టాండుకూ సత్తువాచారికీ మధ్య షేరాటో నడుపుతున్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఎక్కి ముందు సీట్లో అతని పక్కన కూర్చున్నాను. "ఏమప్పా, బండి యాడబెట్టినావు, ఆటో ఎక్కినావే?" అని నవ్వాడు. వెనక ఎవరూ లేరు. చెప్పడం మొదలుపెట్టాను. అతను రోడ్డు వైపే చూస్తూ నడిపాడు. మధ్యలో చెయ్యెత్తినవాళ్లను కూడా ఎక్కించుకోలేదు.  పంపే ముందు చెయ్యి ఆగిన సంగతి కూడా చెప్పాను. కిటికీ దగ్గర నిలబడి విన్నానని కూడా చెప్పాను. అన్నీ అయిపోయినా దారి ఇంకా మిగిలే ఉంది. 

కలెక్టరాఫీసు దగ్గర ఆపాడు.

"దిగు. ఆళ్లు ఎక్కాల" అన్నాడు.

నిజంగానే ఒక ముసలమ్మా, ఆమె కోడలూ నిలబడి ఉన్నారు. దిగాను. వాళ్లు ఎక్కారు. ఆటో వెళ్లిపోయింది. ఎండలో కాసేపు అక్కడే నిలబడ్డాను. క్షమించమని నేను అడగలేదు, అతను క్షమించలేదు. తేలికపడ్డానా అంటే చెప్పలేను. ఇక నేను దాచాల్సింది మాత్రం ఏమీ లేదు. ఆ పేరు చెప్పింది నేను. దేవరాజు కాదు.